మన ఫీచరే వాళ్ళ అప్‌డేట్‌లో వచ్చేస్తే దాన్ని పోటీ అనాలా?

#1 నిద్రలేని_సర్వర్

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతూ పోవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పట్లేదు.

ముగ్గురం కలిసి నాలుగేళ్ళుగా ఒక చిన్న ఆప్ నడుపుతున్నాం. ఫోన్‌లో పేరుకుపోయిన స్క్రీన్‌షాట్లలో అక్షరాలు చదివి, వెతుక్కోవడానికి వీలుగా సర్దిపెడుతుంది. దాని పేరు చెప్పను, ఎవరి స్టోర్‌లో ఉందో కూడా చెప్పను. పోయినేడు ఆ స్టోర్ నడిపేవాళ్ళే తమ ఫోన్ అప్‌డేట్‌లో అదే పని చేసే ఫీచర్ ఉచితంగా ఇచ్చేశారు. మాదానికంటే బాగుందా అంటే, నిజాయితీగా చెప్తున్నా, లేదు. కానీ అది ఫోన్‌తోపాటే వస్తుంది, మాది వెతికి దించుకోవాలి. దానికి ఫొటోల అనుమతి ఎవరూ అడగరు. మాది వాడేవాళ్ళకి మాత్రం కొన్నాళ్ళకోసారి "ఈ ఆప్ మీ ఫొటోలన్నీ చూస్తోంది, ఇంకా చూడనివ్వాలా?" అని పెద్ద బాక్సు వస్తుంది. ఎనిమిది నెలల్లో చందాదారులు సగమయ్యారు.

ఏడవడానికి రాలేదు లెండి. నా అనుమానం వేరు. వాడేవాళ్ళ వైపునుంచి చూస్తే, డబ్బులిచ్చి కొనుక్కునేది ఊరికే వచ్చింది. మంచిదే కదా? మరి నష్టం ఎక్కడుంది? ఉందని మనసుకి తెలుస్తోంది, చూపించమంటే చూపించలేకపోతున్నా.

#2 పాత_కోడర్

దీనికి పేరు కూడా ఉంది బాబూ. షెర్‌లాకింగ్ అంటారు. 2002లో యాపిల్ తన వెతుకులాట సాధనం షెర్‌లాక్ 3 తెచ్చినప్పుడు, అది కరేలియా అనే చిన్న కంపెనీ అమ్ముతున్న వాట్సన్‌ని అచ్చుగుద్దినట్టు ఉందని పెద్ద గోల జరిగింది. ఇప్పుడు వాట్సన్ లేదు, షెర్‌లాకూ లేదు. ఆ మాట మాత్రం మిగిలింది.

#3 అడ్డసవాల్

కటువుగా ఉంటే ఏమనుకోకండి. ఒకప్పుడు ఫోన్‌లో టార్చిలైటు కూడా విడి ఆప్. స్పెల్‌చెక్ విడిగా అమ్మేవారు, ఫైర్‌వాల్ విడిగా అమ్మేవారు. అన్నీ సిస్టమ్‌లో కలిసిపోయాయి. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకున్నారా? ఒక ఫీచర్‌ని పట్టుకుని వ్యాపారం అనుకోవడం మన పొరపాటు. చట్టం కాపాడాల్సింది పోటీని. పోటీదారుణ్ణి కాపాడటం దాని పని కాదు.

ఇంకో మాట. దిగ్గజాలు కొత్తదనాన్ని తొక్కేస్తున్నాయంటూ వినీ వినీ విసుగొచ్చింది. ఇవాళ అందరూ ఊగిపోతున్న ఏఐకి పునాది ట్రాన్స్‌ఫార్మర్ అనే న్యూరల్ నెట్‌వర్క్ నమూనా. 2017లో దాన్ని పరిచయం చేసిన పత్రం రాసింది గూగుల్ పరిశోధకులు. పనికొస్తుందో రాదో తెలియని పరిశోధనకి ఏళ్ళ తరబడి జీతాలివ్వాలంటే ఎక్కడో ఒకచోట మిగులు ఉండాలి. ఆ మిగులే మీరు 'ఆధిపత్యం' అని తిడుతున్నది.

#4 కొత్తగా_చేరాను

నేను ఇంకా చదువుకుంటున్నా, తప్పయితే చెప్పండి. ఒక కంపెనీ బాగా చేసి పెద్దదవ్వడం, పెద్దదయ్యాక బాగా చెయ్యకపోయినా పడిపోకుండా ఉండటం, ఈ రెండిట్లో చట్టానికి ఇబ్బంది దేనితో? రెండోదాన్ని బయటినుంచి ఎలా పసిగడతారు?

#5 లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న. పెద్దదవ్వడం నేరం కాదు, ఎక్కడా కాదు. సరుకు నాసిరకమైనా, ధర పెంచినా, షరతులు బిగించినా జనం వెళ్ళలేకపోతున్నారా అన్నది చూడాలి. డిజిటల్‌లో వెళ్ళలేకపోవడానికి కారణాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. స్నేహితులంతా అక్కడే ఉంటారు. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ కోసం, కొనేవాళ్ళు అమ్మేవాళ్ళ కోసం అక్కడే ఉంటారు. ఎంతమంది వాడితే అంత డేటా, అంత డేటా ఉంటే అంత మంచి ఫలితం. చక్రం లాంటిది అది, ఒకసారి తిరిగితే తనంతట తనే తిరుగుతుంది.

ఇక అడ్డసవాల్ గారి వాదన కొత్తదీ కాదు, తేలిగ్గా తీసెయ్యదగినదీ కాదు. 1942లో ఆర్థికవేత్త షుంపీటర్ అన్నది దాదాపు అదే. పెద్ద సంస్థ లాభమే పెద్ద ఆవిష్కరణలకు పెట్టుబడి అన్నాడు. 1962లో ఇంకో ఆర్థికవేత్త కెనెత్ ఏరో దానికి ఎదురు లెక్క వేశాడు. బజారు మొత్తం తన చేతిలో ఉన్నవాడు కొత్తది తెస్తే అది తన పాత సరుకునే తినేస్తుంది, బయటివాడికి ఆ బెంగ లేదు, అందుకని తెగించేది బయటివాడే అని. 2005లో ఫిలిప్ అఘియాన్, మరికొందరు గణాంకాలు పెట్టి చూస్తే గీత బోర్లించిన గిన్నెలా వచ్చింది. పోటీ మరీ తక్కువైనా కొత్తదనం తగ్గుతుంది, మరీ ఎక్కువైనా తగ్గుతుంది. ఆ అఘియానే 2025లో మోకిర్, హోవిట్‌లతో కలిసి ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ ఉదాహరణ మీరే ఇచ్చారు కాబట్టి అక్కడే ఆగుదాం. పత్రం 2017. దానిమీద కట్టిన చాట్‌బాట్ (చాట్‌జీపీటీ) జనం చేతికి అందింది 2022 నవంబరులో, వేరే సంస్థనుంచి. గూగుల్‌కి తెలివి లేకనా? పది లింకులు, వాటి పక్కన ప్రకటనలు చూపించి సంపాదిస్తున్నవాడు ఒకే జవాబు చెప్పేసే యంత్రాన్ని హడావుడిగా ఎందుకు వదులుతాడు? ఇది నా ఊహే, రుజువు చెయ్యలేను. కానీ ఏరో లెక్కకి ఇంతకంటే చక్కగా సరిపోయే సంగతి ఈమధ్య నాకు కనబడలేదు. ఆలోచన ఎక్కడైనా పుడుతుంది. అది గడప దాటాలా వద్దా అన్నది మాత్రం బజారు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తేలుస్తారు.

#6 అడ్డసవాల్

> వేరే సంస్థనుంచి

అంతే కదా మాస్టారూ! వేరే సంస్థనుంచి వచ్చింది, వచ్చి గెలిచింది. ఏ కోర్టూ తలుపు తెరవలేదు. మైస్పేస్, బ్లాక్‌బెర్రీ, యాహూ ఏ తీర్పు వల్ల పడ్డాయి? కొడాక్ తన ప్రయోగశాలలోనే 1975లో డిజిటల్ కెమెరా తయారుచేసి, మూలన పెట్టి, తర్వాత దానికే బలైంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు వస్తాడు. వచ్చేదాకా కాస్త ఓపిక పట్టాలి.

#7 సగం_లాయరు

ఓపికకి కూడా ఒక ఖరీదుందండీ. 2024 ఆగస్టు 5న అమెరికాలో జడ్జి అమిత్ మెహతా, గూగుల్ సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చాడు. ఆ విచారణలో బయటపడ్డ అంకె చూడండి: ఫోన్లలో, బ్రౌజర్లలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2021 ఒక్క సంవత్సరంలో చెల్లించింది 26.3 బిలియన్ డాలర్లు. సరుకు అంత గొప్పదైతే ఆ స్థానం కోసం అంత డబ్బు పొయ్యడమెందుకు?

అదే విచారణలో సాక్ష్యం చెప్పినవాళ్ళలో నీవా స్థాపకుడు శ్రీధర్ రామస్వామి ఒకడు. గతంలో గూగుల్ ప్రకటనల విభాగాన్ని నడిపినవాడు, సెర్చ్ అంటే ఏమిటో బాగా తెలిసినవాడు. ప్రకటనలు లేని సెర్చ్ కట్టాడు. 2023లో మూసేశాడు. జనాన్ని వాడమని ఒప్పించడం ఒక ఎత్తు, డిఫాల్ట్ మార్పించడం ఇంకో ఎత్తు.

మీ పక్షానికీ ఒక మాట ఇస్తా. 2025 సెప్టెంబరులో పరిష్కారం చెప్పేటప్పుడు అదే జడ్జి క్రోమ్‌ని అమ్మించడానికి ఒప్పుకోలేదు. వేరేవాళ్ళకి చోటివ్వని ఒప్పందాలను నిషేధించి, కొంత డేటా అర్హులైన పోటీదారులతో పంచుకోమన్నాడు. డబ్బు చెల్లించడాన్ని పూర్తిగా ఆపలేదు. ఏఐ రాకతో పరిస్థితి మారిందని తీర్పులోనే రాశాడు.

#8 పాత_కోడర్

ఓపిక పడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

తొంభైల చివర బ్రౌజర్ల యుద్ధం. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ నెలకో కొత్త వెర్షన్ వదిలేవి. మాకు నిద్ర ఉండేది కాదు, కానీ ప్రతి వెర్షన్‌లో ఏదో ఒక కొత్త ఆట. పేజీ మొత్తం మళ్ళీ లోడ్ కాకుండా వెనకాలనుంచి సమాచారం తెచ్చే పద్ధతి 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. తర్వాత వెబ్ ఆప్‌లన్నీ దాని మీదే లేచాయి. గుర్తుపెట్టుకోండి, అది తెచ్చింది మైక్రోసాఫ్టే, పోటీ మంటల్లో ఉన్నప్పుడు.

తర్వాత నెట్‌స్కేప్ పడిపోయింది. 2001 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది, వాటా తొంభై శాతం దాటింది. ఏడో వెర్షన్ ఎప్పుడొచ్చింది? 2006 అక్టోబరులో. ఐదేళ్ళు! ఆ ఐదేళ్ళలో మేం రాసిన కోడ్‌లో సగం ఆరో వెర్షన్ తప్పుల్ని కప్పిపుచ్చడానికే. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చి వాటా కొరకడం మొదలుపెట్టాకే వాళ్ళు మళ్ళీ కదిలారు. అవే బుర్రలు, అవే డబ్బులు. మారింది ఒక్కటే, వెనకనుంచి ఎవడో తరుముకొస్తున్నాడు.

అప్పట్లో మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం గుత్తాధిపత్యం కేసు వేసింది, ఆ కేసు వల్లే గూగుల్ బతికిందని చాలామంది చెబుతారు. 1998లో కేసు, అదే ఏడు గూగుల్ పుట్టుక, కథకి బాగానే ఉంది. నేను ప్రమాణం చెయ్యను. విడగొట్టమన్న తీర్పుని 2001లో పై కోర్టు కొట్టేసింది, గుత్తాధిపత్యం నిలబెట్టుకోవడానికి తప్పుడు పనులు చేసిందన్న భాగాన్ని చాలావరకు నిలబెట్టింది. కంపెనీని ముక్కలు చెయ్యలేదు, కానీ తర్వాత కొన్నేళ్ళు అడుగు వెయ్యాలంటే లాయర్లను అడిగేవాళ్ళని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళం.

#9 తీగలాగు

నేను ఆప్‌ల మనిషిని కాను. ఆన్‌లైన్‌లో ఇంట్లో వాడే చిన్న సామాన్లు అమ్ముతాను, సొంత డిజైన్లు. నిద్రలేని గారి కథ మా దగ్గర ఇంకోలా నడుస్తుంది. ఏ వస్తువు ఎంత వేగంగా పోతోందో, ఎవరు ఏ మాట వెతికి వచ్చారో, ఎంత ధర దగ్గర కొనకుండా వెనక్కి వెళ్ళారో వేదికవాళ్ళకి మొత్తం తెలుసు. నాకు నా లెక్క మాత్రమే తెలుసు. కంచే చేను మేస్తే అంటారే, అదన్నమాట. ఊరికే అనుమానపడుతున్నానా అంటే, యూరోపియన్ కమిషన్ అమెజాన్ మీద విచారణ జరిపింది ఇదే విషయంలో. అమ్మకందార్ల రహస్య డేటాని తన సొంత అమ్మకాలకు వాడనని అమెజాన్ ఇచ్చిన హామీలను 2022 డిసెంబరులో స్వీకరించింది.

చెప్పాలనుకున్నది ఇది. నేను కొత్త డిజైన్లు మానలేదు, ఏడాదికి పదో పన్నెండో చేస్తాను. కానీ ఏ డిజైన్ చెయ్యాలో ఎంచుకునే తీరు మారిపోయింది. బాగా అమ్ముడుపోతుందనిపిస్తే పక్కన పెడతాను. మధ్యస్థంగా పోయేదాన్నే తెస్తాను, వాళ్ళ కంట పడకుండా ఉంటుందని. రెండు మంచి ఆలోచనలు నా పుస్తకంలోనే ఉన్నాయి, మూడేళ్ళుగా.

#10 నిద్రలేని_సర్వర్

అమ్మా, మీ చివరి పేరా చదివి కాసేపు కదలలేకపోయాను. మేం చేసిందీ అదే! ఆ అప్‌డేట్ వచ్చాక కూర్చుని 'తర్వాత ఏం కడదాం' అని జాబితా రాశాం. ఒక్కో ఆలోచన పక్కన మొదటి ప్రశ్న "ఇది వాళ్ళు చేస్తారా?" అని. జనానికి పనికొస్తుందా అన్న ప్రశ్న రెండోది అయింది. పనికొచ్చేవన్నీ మొదటి ప్రశ్న దగ్గరే కొట్టేశాం. చివరికి మిగిలినవి ఎవరికీ అంతగా అక్కర్లేనివి.

నేనడిగిన నష్టం ఇదేనేమో. ఏ లెక్కలోనూ కనబడదు, కట్టనిదాన్ని ఎవరు లెక్కపెడతారు?

#11 లెక్కలమాస్టారు

అదే. పేటెంట్లు ఎన్ని, పరిశోధన ఖర్చు ఎంత అని లెక్కేస్తే అంతా పచ్చగానే కనబడుతుంది, ఖర్చు పెరుగుతూనే ఉంది కూడా. వేదిక సొంతదారుకి ఒప్పుదలైన దిక్కునే ప్రయత్నాలన్నీ పోగుపడుతుంటే మొత్తం అంకె పెద్దగానే ఉంటుంది.

దీనిమీద నాకు బాగా నచ్చిన పరిశోధన పాతకాలపు టెలిఫోన్ల గురించి. అమెరికాలో 1956లో ఏటీ అండ్ టీతో ప్రభుత్వం ఒక రాజీ చేసుకుంది. బెల్ వ్యవస్థ దగ్గర అప్పటికున్న పేటెంట్లన్నీ, ట్రాన్సిస్టర్‌వి సహా, ఫీజు లేకుండా ఇతరులకు లైసెన్సు ఇవ్వాలి. కంపెనీ టెలికాం దాటి వేరే వ్యాపారాల్లోకి పోకూడదు. దాని ఫలితాన్ని మార్టిన్ వాట్సింగర్ బృందం 2020లో ప్రచురించిన పత్రంలో కొలిచింది. ఆ పేటెంట్ల మీద కట్టిన కొత్త ఆవిష్కరణలు పెరిగాయి, ఎక్కువగా చిన్న, కొత్త కంపెనీలనుంచి. ఎక్కడ పెరిగాయి? టెలికాం బయట. టెలికాం లోపల మాత్రం పెరుగుదల కనబడలేదు. ఎందుకంటే అక్కడ బెల్ అలాగే ఉంది, పోటీదారుల్ని బయట పెట్టగల స్థితిలోనే ఉంది. జ్ఞానం ఉచితంగా దొరికినా, అమ్ముకునే బజారు తలుపు మూసుంటే ఎవరూ కట్టరు.

కాబట్టి డేటా పంచుకోమంటే చాలు అనేవాళ్ళు ఈ పత్రం రెండో సగం కూడా చదవాలి.

#12 అడ్డసవాల్

బెల్ సంగతి బాగుంది, ఒప్పుకుంటా. దాచుకుంటాను కూడా.

కానీ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. స్టార్టప్‌లో డబ్బు పెట్టేవాడు ఎందుకు పెడతాడు? రేపు పెద్దవాడెవరో కొంటాడని. కొనుగోళ్ళని అడ్డుకుంటే ఆ డబ్బు రాదు. ఐరోబో చూడండి. ఇల్లు తుడిచే రోబోలు చేసే కంపెనీ. 2022లో అమెజాన్ 1.7 బిలియన్ డాలర్లకు కొంటానంది. యూరప్ అభ్యంతరాలతో 2024 జనవరిలో ఒప్పందం రద్దయింది. వెంటనే మూడోవంతు దాకా ఉద్యోగుల్ని తీసేశారు. 2025 డిసెంబరులో దివాలా. పోటీని కాపాడారా? పోటీదారుణ్ణి పూడ్చిపెట్టారు.

#13 సగం_లాయరు

బాధ కలిగించే ఉదాహరణే. దాని పక్కన ఇంకోటి పెడతా. డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసే ఫిగ్మాని అడోబి 20 బిలియన్ డాలర్లకు కొంటానంది, అదీ 2022లోనే. నియంత్రణ సంస్థల అభ్యంతరాలతో 2023 డిసెంబరులో వదులుకుంది, బిలియన్ డాలర్ల పరిహారం కూడా చెల్లించింది. 2025 జూలైలో ఫిగ్మా స్వయంగా షేర్ మార్కెట్‌కి వచ్చింది, తొలిరోజే విలువ ఆ 20 బిలియన్లను ఎంతో దాటింది. రెండిట్లోనూ ఒకే విధానం, రెండు ఫలితాలు. ఒక్కో కేసు చూపించి విధానం తప్పనో ఒప్పనో తేల్చలేం.

కొనుగోళ్ళలో చట్టం నిజంగా నిద్రపోయిన చోటు వేరే ఉంది. 2012లో ఫేస్‌బుక్ బిలియన్ డాలర్లకు కొన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పదమూడు మంది ఉద్యోగులు. 2014లో వాట్సాప్‌కి 19 బిలియన్లు. పాత నియమాలు టర్నోవర్ చూసి ఏ విలీనాన్ని పరిశీలించాలో నిర్ణయించేవి. ఆదాయమే లేని కంపెనీకి టర్నోవర్ ఎక్కడిది? అందుకే జర్మనీ 2017లో కొనుగోలు విలువ 40 కోట్ల యూరోలు దాటితే చూస్తానని మార్చింది, భారత్ 2024 సెప్టెంబరు నుంచి 2,000 కోట్ల రూపాయల హద్దు పెట్టింది. ఈలోపు దారీ మారింది. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇన్‌ఫ్లెక్షన్ అనే ఏఐ కంపెనీని కొనలేదు, స్థాపకుల్ని, సిబ్బందిలో ఎక్కువమందిని ఉద్యోగాల్లోకి తీసుకుని, టెక్నాలజీకి లైసెన్సు తీసుకుంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ 'ఇది కూడా విలీనం లాంటిదే' అని తేల్చింది, పోటీకి హాని లేదని వదిలేసింది.

గూగుల్ మీద యూరప్ వేసిన మూడు పెద్ద జరిమానాలనీ, 2017, 2018, 2019 వాటినీ, కోర్టులు నిలబెట్టాయి కూడా. అంటే చట్టానికి పళ్ళు లేకపోలేదు.

#14 ఎర్రపెన్ను

సగం_లాయరు గారూ, చివరి వాక్యాలు సరిచూసుకోండి. 2017 షాపింగ్ జరిమానా 242 కోట్ల యూరోలు, 2024 సెప్టెంబరు 10న అత్యున్నత కోర్టు నిలబెట్టింది, నిజం. 2018 ఆండ్రాయిడ్ జరిమానాని కింది కోర్టు 2022లో 434 కోట్లనుంచి 412.5 కోట్లకు తగ్గించింది. 2019లో ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ మీద వేసినది, 149 కోట్లది, 2024 సెప్టెంబరులో కొట్టేశారు. మూడింటికి మూడూ నిలబడ్డాయనడం తప్పు.

అడ్డసవాల్ గారికి కూడా: మెటా (ఫేస్‌బుక్ సొంతదారు) కేసు సంగతి మీరు ఎత్తలేదేమిటని ఆశ్చర్యం. మీ వైపు తీర్పు అది. 2025 నవంబరులో జడ్జి బోస్‌బర్గ్, టిక్‌టాక్, యూట్యూబ్ ఉన్న ఈనాటి బజారులో మెటాకి గుత్తాధిపత్యం ఉందని అమెరికా పోటీ నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ రుజువు చెయ్యలేకపోయిందన్నాడు.

#15 సగం_లాయరు

లెంపలేసుకున్నా. యాడ్‌సెన్స్ మర్చిపోయాను. పేరులో 'సగం' ఊరికే పెట్టుకోలేదు మరి.

మెటా తీర్పు చదివితే నాకు కోపం కంటే దిగులు ఎక్కువ కలిగింది. కొనుగోళ్ళు 2012, 2014. కేసు వేసింది 2020. తీర్పు 2025. 'పోటీపడటం కంటే కొనేయడం మేలు' అన్న అర్థంలో 2008లోనే జుకర్‌బర్గ్ రాసిన ఈమెయిల్ ఎఫ్‌టీసీ చేతిలో ఉంది. కానీ కోర్టు చూడాల్సింది ఈరోజు బజారుని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే, చేతులు ఎప్పుడో మానిపోయాయి కదా అన్నట్టుంది.

షాపింగ్ కేసు ఇంకా ఘోరం. ధరలు పోల్చి చూపే ఫౌండెమ్ అనే చిన్న బ్రిటిష్ సైటు 2006లో గూగుల్ ఫలితాల్లో కిందికి జారిపోయింది. 2009లో ఫిర్యాదు. 2010లో విచారణ మొదలు. 2017లో నిర్ణయం. 2024లో తుది తీర్పు, గెలిచింది కమిషన్. ఫౌండెమ్ మాత్రం 2016లోనే మూతపడింది.

అందుకే యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం తెచ్చింది. నేరం జరిగాక నిరూపించే పద్ధతి మాని, ద్వారపాలకులు, అంటే అందరూ దాటక తప్పని పెద్ద వేదికలు నడిపేవాళ్ళు, ఎవరో ముందే ప్రకటించి, ఇవి చెయ్యాలి, ఇవి చెయ్యకూడదు అని చెప్పేయడం. 2023 సెప్టెంబరులో ఆరు కంపెనీల పేర్లు ప్రకటించారు, 2024 మార్చి 7 నుంచి పాటించాలి. జరిమానా ప్రపంచ టర్నోవర్‌లో పది శాతం దాకా. బ్రిటన్, జపాన్ కూడా తమ తమ చట్టాలతో అటే నడిచాయి.

#16 అడ్డసవాల్

ముందే చెప్పేయడంలో ఉన్న చిక్కు చెప్పనా? రాసేవాడికి రేపటి బజారు తెలియాలి. ఆ ప్రధాన సేవల జాబితాలో సెర్చ్ ఉంది, బ్రౌజర్ ఉంది, మెసేజింగ్ ఉంది. 'వర్చువల్ అసిస్టెంట్లు' అన్న గడీ ఉంది, కానీ ఇవాళ అందరూ మాట్లాడే ఏఐ చాట్‌బాట్లకంటూ విడిగా ఒకటి లేదు.

పెద్దవాళ్ళని కట్టడి చెయ్యబోతే దెబ్బ చిన్నవాళ్ళకి తగలడం కూడా చూశాం. యూరప్ డేటా రక్షణ నియమాలు 2018లో వచ్చాక గూగుల్ ప్లేలో దాదాపు మూడోవంతు ఆప్‌లు మాయమయ్యాయనీ, కొత్తగా వచ్చేవి సగానికి తగ్గాయనీ ఒక పరిశోధన చూపింది. నియమాలు పాటించడానికి వందమంది లాయర్లు ఎవరి దగ్గర ఉంటారు? నిద్రలేని గారి దగ్గరా?

యూరప్‌లోనే మైక్రోసాఫ్ట్‌ని బ్రౌజర్ ఎంపిక తెర పెట్టమన్నారు, 2009లో. 2011లో ఒక విండోస్ అప్‌డేట్‌లో ఆ తెర ఎగిరిపోయింది, పద్నాలుగు నెలలు కమిషన్‌కి తెలియనే లేదు. 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా వేశారనుకోండి. ఆలోపు జనం ఎంపిక తెరతో పనిలేకుండా క్రోమ్‌కి వెళ్ళిపోయారు.

#17 పాత_కోడర్

క్రోమ్‌కి వెళ్ళిపోయారు, ఇప్పుడు క్రోమ్ గురించి కోర్టుకెక్కారు. బాగుంది వరస.

#18 కొత్తగా_చేరాను

ఒక చిన్న సందేహం. ఫోన్ కంపెనీ మారినా నంబరు మనతోనే వస్తుంది. వేరే కంపెనీ వాళ్ళతో మాట్లాడొచ్చు కూడా. మెసేజింగ్‌లో అలా ఎందుకు లేదు? టెక్నికల్‌గా కుదరదా?

#19 తీగలాగు

ఈమెయిల్‌లో మొదటినుంచీ ఉంది కదా నాన్నా. కుదరక కాదు.

#20 సగం_లాయరు

యూరప్ చట్టంలో మెసేజింగ్‌కి ఆ నియమం ఉంది, వాట్సాప్ అక్కడ బయటి ఆప్‌లతో కలపడం మొదలుపెట్టింది. సంకేతీకరణ చెడకుండా కలపడం, స్పామ్ ఆపడం నిజంగా కష్టమైన పనులే. కానీ కష్టాన్ని ఎవరు ఎంత గట్టిగా చెబుతారన్నది వాళ్ళ లాభనష్టాల మీద ఆధారపడి ఉంటుంది.

#21 నిర్వాహకుడు

రెండు పోస్టులు తీసేశాం. ఒకటి కంపెనీ ఉద్యోగుల మీద బూతులు, రెండోది ఎవరిదో ఫోన్ నంబరు. వాదన బాగుంది, పాడుచెయ్యకండి.

#22 నిద్రలేని_సర్వర్

రాత్రంతా మళ్ళీ మళ్ళీ చదివాను. నా ప్రశ్నే సరిగ్గా లేదనిపిస్తోంది. ఫీచర్ ఉచితంగా ఇచ్చారన్నది నా బాధ అనుకున్నా. అడ్డసవాల్ గారి టార్చిలైటు మాట చదివాక ఆ బాధ సగం పోయింది, నిజంగా. వాళ్ళూ కట్టొచ్చు, మేమూ కట్టొచ్చు. కానీ ఆ అనుమతి బాక్సు మాకే ఎందుకు వస్తుంది? వాళ్ళ ఫీచర్ కూడా అవే ఫొటోలు చదువుతోందిగా? మేం వెనకాల పనిచెయ్యడానికి రోజుకి కొన్ని నిమిషాలే ఇస్తారు, వాళ్ళది ఛార్జింగ్ పెట్టినంతసేపూ నడుస్తుంది. పరుగుపందెంలో పక్కవాడు బలంగా ఉంటే ఓడిపోతాం, సరే. గీత గీసేవాడే పరిగెడుతున్నాడు, అదీ నా చిక్కు. దీనికి ఏ చట్టంలోనైనా మాట ఉందా?

#23 సగం_లాయరు

ఉంది. యూరప్ చట్టం ఆరో అధికరణంలో ఏడో క్లాజు. ద్వారపాలకుడు తన సొంత సేవలకు ఫోన్‌లో ఏ సౌకర్యాలు వాడుకుంటాడో, అవే బయటివాళ్ళకి ఉచితంగా, అంతే సమర్థంగా ఇవ్వాలి. 2025 మార్చిలో కమిషన్ ఇదే క్లాజు కింద యాపిల్‌కి వాచీలు, హెడ్‌ఫోన్ల వంటి బయటి పరికరాల విషయంలో ఏమేం తెరవాలో వివరంగా రాసిచ్చింది. యాపిల్ కోర్టుకి వెళ్ళింది.

బాక్సు విషయంలో మీకు ఇంకా దగ్గరి కేసు ఫ్రాన్స్‌ది. ఆప్‌లు వాడుకరిని వెంబడించాలంటే అనుమతి అడగాలని యాపిల్ 2021లో పెట్టిన తెర గుర్తుందా? అక్కడి పోటీ సంస్థ 2025 మార్చిలో దానిమీద 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. గోప్యత ఉద్దేశాన్ని తప్పుపట్టలేదు. బయటి ఆప్‌లు రెండుసార్లు అనుమతి అడగాల్సి రావడం, యాపిల్ తన సొంత సేవలకి అదే కొలత పెట్టుకోకపోవడం, తప్పు అక్కడ అంది.

అమెరికాలో గేముల కంపెనీ ఎపిక్ యాపిల్ మీద వేసిన కేసు కూడా చూడండి. బయట చెల్లింపులకు లింకు పెట్టనివ్వమని కోర్టు చెబితే యాపిల్ పెట్టనిచ్చింది, 27 శాతం కమిషన్‌తో, నొక్కితే భయపెట్టే హెచ్చరిక తెరతో. 2025 ఏప్రిల్‌లో జడ్జి అది కోర్టు ధిక్కారం అంది. తెరమీద మాటలు ఎలా రాశారన్నది కూడా తీర్పులోకి ఎక్కింది.

#24 అడ్డసవాల్

బాక్సు సంగతిలో నేను నీ పక్షమే తమ్ముడూ. రాసిపెట్టుకో, ఇలాంటిది నా నోట తరచుగా రాదు. ఒకే ఒక్క షరతు: పరిష్కారం అంటే మీ బాక్సు తీసేయడం కాకూడదు. ఫొటోలు దొంగిలించే ఆప్‌లు వేలల్లో ఉన్నాయి, వాటికి అది రావాల్సిందే. వాళ్ళ ఫీచర్‌కి కూడా అదే బాక్సు, అదే మాటలతో, అన్నే రోజులకోసారి రావాలి. అప్పుడు చూడు, ఆ మాటలు రాత్రికి రాత్రి ఎంత మెత్తబడతాయో.

#25 లెక్కలమాస్టారు

ఈ మాట కొట్టిపారేయలేను. తనకీ వర్తించే నియమాన్ని ఎవడైనా జాగ్రత్తగానే రాస్తాడు.

#26 నిద్రలేని_సర్వర్

రెండు బాక్సుల స్క్రీన్‌షాట్లూ తీసి, ఎన్నిసార్లు వచ్చాయో తేదీలతో పట్టిక తయారుచేస్తున్నా. సగం_లాయరు గారూ, ఫిర్యాదు ఏ రూపంలో ఉండాలో మీకు విడిగా మెసేజ్ పెట్టవచ్చా?

తీగలాగు గారూ, మీ పుస్తకంలో ఉన్న ఆ రెండిట్లో ఒక్కటైనా బయటికి తీయండి.

#27 తీగలాగు

ముందు మీరు ఆ పట్టిక పూర్తిచెయ్యండి, చూద్దాం.

#28 పాత_కోడర్

ఇంతకీ మీ ఆప్ ఇంకా దొరుకుతుందా? నా ఫోన్‌లో ఆరువేల స్క్రీన్‌షాట్లున్నాయి. వాళ్ళ ఫీచర్ తెలుగు అక్షరాలు చదవట్లేదు.

#29 నిద్రలేని_సర్వర్

దొరుకుతుందండీ. మాది చదువుతుంది. ఒత్తుల దగ్గర కాస్త తడబడుతుంది, వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాం. బాక్సు వస్తే 'సరే' నొక్కండి.